ఆచూకీ లేని విమానము – అంతు లేని ఊహలు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న సీమను నడిగడ్డ యందురు. దాని ముఖ్యపట్టణము గద్వాల. అక్కడినుండి కృష్ణ దాటి ఈశాన్యముగ పోయినచో వనపర్తి, ఇంకను తూర్పునకు సాగినచో నాగర్‌కర్నూలు. నాగర్‌కర్నూలు నుండి అచ్చంపేట చేరి, మన్ననూరు వద్ద కొండ యెక్కినచో నల్లమల అడవి ఆరంభమగును. ఆ అడవి కృష్ణ లోయను దాటి దక్షిణమున కర్నూలు, ప్రకాశము సీమల వరకు వ్యాపించి యున్నది.

ఈ మూడు పట్టణములలో దేనికిని ప్రయాణికుల విమానాశ్రయము లేదు. అయినను ఆకాశమున పోయిన వాహనము కనబడకుండ పోయినప్పుడు జనుల మనస్సు ఎట్లు పనిచేయునో ఈ సీమవారు దగ్గరనుండి చూచినారు. 2009వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీ ఉదయము 8 గంటల 38 నిమిషములకు హైదరాబాదు బేగంపేట నుండి ఒక హెలికాప్టరు చిత్తూరు జిల్లాకు బయలుదేరినది. అందు ఆనాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డి, ఆయన ముఖ్య కార్యదర్శి, ముఖ్య భద్రతాధికారి, ఇద్దరు పైలట్లు, మొత్తము అయిదుగురు ఉండిరి. ‘రచ్చబండ’ అను కార్యక్రమమును ఒక పల్లెలో ఆరంభించుటకు ముఖ్యమంత్రి పోవుచుండిరి. హైదరాబాదు నుండి చిత్తూరునకు పటముపై సూటిగ గీత గీసినచో అది నేటి నాగర్‌కర్నూలు జిల్లాపై సాగి, నల్లమలలో కృష్ణను దాటును. బయలుదేరి గంట గడువకమునుపే ఆ హెలికాప్టరుతో సంబంధము తెగిపోయినది. మరునాటి ఉదయమునకు గాని అది యేమైనదో లోకమునకు తెలియలేదు.

హెలికాప్టరు ప్రయాణికుల విమానము కాదన్న మాట నిజమే. కాని బయలుదేరిన చోటు తెలిసి, చేరవలసిన చోటు తెలిసి, నడుమ ఏమైనదో తెలియని స్థితి రెండింటికిని ఒక్కటే. ఆ తెలియని నడిమి కాలమున ఊహలు ఎట్లు పుట్టునో, నిజము వెల్లడియైన తరువాత కూడ అవి యేల అణగవో ఇచట పరిశీలింతము.

ఆనాడు హెలికాప్టరు కనబడలేదని తెలిసిన కొలది గంటలకే ఒక వార్త వ్యాపించెను. వాతావరణము బాగులేక అది అడవిలో ఒకచోట క్షేమముగ దిగినదనియు, ముఖ్యమంత్రి రోడ్డు మార్గమున వచ్చుచున్నారనియు దాని సారాంశము. విన్నవారు తేలికగ ఊపిరి పీల్చుకొనిరి. అది నిజము కాదని తేలినప్పుడు వారి ఆందోళన రెట్టింపైనది. పిమ్మట ఊహలు వేరొక దిక్కునకు మరలెను. నల్లమల అంతకు కొన్ని సంవత్సరముల క్రిందటి వరకు నక్సలైట్లకు ఆశ్రయమైన అడవి గనుక, వారు నిర్బంధించిరేమో యని కొందరు తలచిరి. కర్ణాకర్ణిగా మాట పెరుగుచు పోయెను.

మన పల్లెలలో చెప్పుకొను కథ యొకటి కలదు. ఒకడు వాంతి చేసికొనగా అందు కాకి ఈక వంటి నల్లని దేదో కనబడెనట. ఆ మాట ఊరి చివరకు చేరునప్పటికి అతని నోటినుండి కాకులే గుంపుగ ఎగిరిపోయెనని చెప్పుకొనిరట. ఆ కథలో ఎవ్వరును అబద్ధమాడవలెనని సంకల్పించినవారు కారు. విన్నదానికి తమ భయమునో ఆశ్చర్యమునో రవంత చేర్చి అందించినవారే. 2009లో జరిగినదియు అదియే. మొదటి వదంతి ఆశనుండి పుట్టినది, రెండవది భయమునుండి పుట్టినది. రెండింటికిని ఆధారము లేదు.

ఊరూర మాటలు ఇట్లు సాగుచుండగా అడవిలో మరియొక విధమైన పని జరుగుచుండెను. రాష్ట్ర పోలీసులు, కేంద్ర రిజర్వు పోలీసు దళములవారు వేలసంఖ్యలో వెదకుటకు కదలిరి. అడవి దారులెరిగిన చెంచుల సహాయమును కోరిరి. వైమానిక దళమువారు హెలికాప్టర్లతో పాటు సుఖోయ్ విమానమును వినియోగించిరి. అదే సంవత్సరము ఏప్రిల్‌లో ఇస్రోవారు ప్రయోగించిన రీశాట్-2 ఉపగ్రహమునకు మేఘములు అడ్డమున్నను నేలను చూడగల రాడారు కలదు. దానిచేతను ఆ ప్రాంతపు చిత్రములు తీయించిరి. 3వ తేదీ ఉదయము కర్నూలునకు సుమారు 74 కిలోమీటర్ల దూరమున, రుద్రకొండపై శకలములు కనబడెను. అయిదుగురును మరణించి యుండిరి. ఆ స్థలము పావురాలగుట్ట యను పేరున జనులకు పరిచితమైనది.

ప్రమాదమును విచారించుటకు కేంద్ర ప్రభుత్వము ఆర్.కె. త్యాగి అధ్యక్షతన ఒక సంఘమును నియమించినది. పైలట్ల సంభాషణను నమోదు చేయు యంత్రము శకలములలో దొరకినది. చివరి నిమిషములలో వారి ధ్యాస, రెక్కలకు శక్తి నందించు యంత్రభాగములోని నూనె పీడనమును గూర్చిన హెచ్చరికపై నిలిచియుండెనని, దానికి చేయవలసిన పనిని సూచనల పుస్తకములో వెదకుచుండిరని అందువలన తెలిసినది. ఇంతలో హెలికాప్టరు దట్టమైన వాన మేఘములలో ప్రవేశించి, పైనుండి క్రిందికి దూకు తీవ్రమైన గాలిలో చిక్కి, అదుపు తప్పి, మిక్కిలి వేగముగ నేలకు జారినదని సంఘము నిర్ణయించినది. కేంద్ర నేర పరిశోధన సంస్థ కూడ వేరుగ విచారించి, కుట్ర జరిగినదనుటకు ఆధారము లేదని తేల్చినది.

నిజము తెలిసినది గదా, ఇక ఊహలు ఆగవలెను. అవి ఆగలేదు. 2010 జనవరి 7వ తేదీ సాయంకాలము కొన్ని తెలుగు టెలివిజన్ చానళ్ళు ఒక ఆరోపణను ప్రసారము చేసెను. ఆ ప్రమాదము వెనుక ఒక పెద్ద వ్యాపార సంస్థవారి కుట్ర కలదని విదేశమున వెలువడు ఒక ఇంటర్నెట్ పత్రికలో కొన్ని నెలల క్రిందట వచ్చిన వ్రాతయే దానికి మూలము. ఆ వ్రాతకు సాక్ష్యము లేదు. అయినను కొలది గంటలలోనే రాష్ట్రములోని పలు పట్టణములలో ఆ సంస్థకు చెందిన అంగళ్ళపై దాడులు జరిగెను. ప్రసారమునకు బాధ్యులని కొందరు పాత్రికేయులు అరెస్టయిరి. ఆనాడు పగిలిన అద్దములు, భయపడి తలుపులు మూసికొన్న చిన్న ఉద్యోగులు, వీరికిని ఆ కొండపై జరిగిన దానికిని ఏమి సంబంధము?

విచారణ చెప్పిన కారణము జనులకు ఏల చాలలేదని ప్రశ్నించుకొనవలసి యున్నది. లక్షలమంది ఎరిగిన నాయకుడు ఒక్క ఉదయమున లేకుండ పోయెను. అంతటి నష్టమునకు అంతటి కారణమే యుండవలెనని దుఃఖములో నున్న మనస్సు కోరును. ఒక మేఘము, ఒక గాలి, నూనె పీడనము చూపు ఒక చిన్న దీపము అన్నచో అది ఆ నష్టమునకు తగినట్లు తోచదు. శత్రువు ఉన్నాడన్నచో కోపమునకు ఒక గురి దొరకును. గాలిపై కోపించుట యెట్లు? కుట్ర కథల బలము వాటి సాక్ష్యములో లేదు, వినువారి దుఃఖములో ఉన్నది. అందుచేతనే అట్టి కథను నమ్మినవారిని మూర్ఖులని త్రోసివేయుట సరికాదు. దానిని పంచిపెట్టినవారి సంగతి వేరు.

‘ఈ కాలమున విమానము కనబడకుండ పోవుట సాధ్యమా? ఎవరో దాచియుందురు’ అను వాదము కూడ తరచు వినబడును. దీనికి సమాధానము రేడియో గల యిండ్లవారికి అనుభవములోనే యున్నది. మీడియం వేవ్ కేంద్రము రాత్రివేళ వందల కిలోమీటర్ల దూరమునుండి వినబడును. ఎఫ్.ఎం. కేంద్రము మాత్రము కొండ అడ్డము వచ్చినను, దూరము మించినను వినబడదు. విమానములవారు భూమితో మాటలాడు రేడియో తరంగములు సాధారణముగ 118 నుండి 137 మెగాహెర్ట్‌జుల వరకు, అనగా మన ఎఫ్.ఎం. తరంగములకు ప్రక్కనే యుండును. అవియు మన చూపువలె సూటిగ పోవునవే. రాడారు కిరణములును అంతే. కనుక కొండల నడుమ తక్కువ ఎత్తున పోవు వాహనమును, తీరమునుండి చాల దూరము పోయిన విమానమును భూమిపైనున్న రాడారు చూడలేదు. లోకమంతయు ఎల్లప్పుడు ఎవరి కన్నులలోనో యున్నదను నమ్మకము నిజము కాదు.

నల్లమలలో తెలియని కాలము ఒక్క దినము. ఆ కాలము దశాబ్దములు సాగినచో ఏమగునో చూపు ఉదంతము దక్షిణ అమెరికాలో కలదు. 1947 ఆగస్టు 2వ తేదీన ‘స్టార్ డస్ట్’ అను పేరుగల బ్రిటిషు ప్రయాణికుల విమానము 11 మందితో అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్ నుండి ఆండీస్ పర్వతములమీదుగ చిలీలోని సాంటియాగో నగరమునకు పోవుచుండెను. మరి నాలుగు నిమిషములలో చేరుచున్నామని దాని రేడియో ఉద్యోగి టెలిగ్రాఫు సంకేతములతో తెలిపి, చివర ‘స్టెండెక్’ అను మాటను చేర్చెను. సాంటియాగోలో విన్న ఉద్యోగికి అర్థము కాక మరల అడిగెను. మరల అదే మాట వచ్చెను. ఆ తరువాత ఏమియు వినబడలేదు.

ఆ ఒక్క మాటపై ఎన్ని భవనములు కట్టిరో చెప్పనలవి కాదు. గూఢచారులన్నారు, బాంబన్నారు, ఇతర గ్రహములనుండి వచ్చిన వారన్నారు. 1998లో ఇద్దరు పర్వతారోహకులకు టుపుంగాటో శిఖరము క్రింది మంచునదిలో విమానపు ఇంజను భాగములు కనబడెను. 2000లో అర్జెంటీనా సైనికుల బృందము పోయి మిగిలిన శకలములను చూచెను. మిక్కిలి ఎత్తున వీచు బలమైన ఎదురుగాలిని గూర్చి 1947లో వైమానికులకు అంతగా తెలియదు. ఆ గాలి వలన విమానము తాననుకొన్నంత దూరము పోలేదు. పర్వతములను దాటితిమని తలచి మేఘములలో దిగసాగి, మంచుకొండను తాకి, హిమపాతము క్రింద కప్పబడినది. మంచునది యేబది సంవత్సరములకు పైగ దానిని తన గర్భమున మోసి, చివరకు దిగువను బయటపెట్టెను. ‘స్టెండెక్’ అను మాటకు మాత్రము అందరును అంగీకరించిన అర్థము తేలలేదు. విమానము ఏమైనదో తెలిసికొనుటకు ఆ మాట అక్కరకు రాలేదు. చివరి మాటలో గుట్టంతయు ఉండునను నమ్మకము ఎంత బలమైనదో, ఎంత వ్యర్థమైనదో ఈ ఉదంతము తెలుపుచున్నది.

మన కాలమున ఈ విషయమున అందరి నోటను వినబడునది మలేషియా విమానము. 2014 మార్చి 8వ తేదీ రాత్రి ఎమ్.హెచ్. 370 అను బోయింగ్ 777 విమానము 239 మందితో కౌలాలంపూరు నుండి బీజింగునకు బయలుదేరినది. వారిలో అయిదుగురు భారతీయులు. రాత్రి 1 గంట 19 నిమిషములకు పైలట్ల గదినుండి చివరి మాట వినబడినది. ఆ చివరి మాటకు పట్టిన గతిని చూడుడు. అది ‘సరే, శుభరాత్రి’ అని మొదట ప్రకటించిరి. నియమము తప్పి అంత తేలికగ పలుకుటలో ఏదో మర్మము కలదని వారములకొలది చర్చలు జరిగెను. ఏప్రిల్ 1వ తేదీన అసలు సంభాషణ వెలువడగా, ఆ మాట విమానపు సంఖ్యను చేర్చి పలికిన మామూలు శుభరాత్రియే యని తేలెను. పలుకని మాటపై అన్ని దినములు వ్యాఖ్యానము సాగినదన్నమాట.

మరికొన్ని ఊహల గతియు ఇట్టిదే. ఇద్దరు ప్రయాణికులు దొంగ పాస్‌పోర్టులతో ఎక్కిరని తెలిసి, ఉగ్రవాదులని అనుమానించిరి. వారు ఐరోపాలో ఆశ్రయము కోరి పోవు ఇరాను యువకులుగ కనబడుచున్నారని విచారణలో తేలెను. పోయినవారి సెల్‌ఫోనులు మ్రోగుచున్నవని బంధువులు చెప్పిరి. అవతలి ఫోను ఎక్కడనున్నదో వెదకుచున్నప్పుడు కూడ పిలిచిన వారికి ఆ మ్రోత వినబడునని నిపుణులు వివరింపవలసి వచ్చెను. విమానము అండమానులో దిగినదని కొందరు, డీగో గార్షియా సైనిక స్థావరమునకు పోయినదని కొందరు, మధ్య ఆసియాకు పోయినదని కొందరు వాదించిరి. ఆస్ట్రేలియాకు చెందిన ఒక సంస్థ బంగాళాఖాతపు అడుగున శకలములు ఉన్నవని ప్రకటించెను. బంగ్లాదేశ్ నౌకలు పోయి వెదకగా ఏమియు దొరకలేదు.

ఈ సందడి నడుమ నిజమునకు దారి చూపినది ఒక ఉపగ్రహము. విమానములోని యంత్రమునకును దానికిని గంటకొకసారి జరిగిన పలకరింపులు ఉదయము 8 గంటల 19 నిమిషముల వరకు నమోదై యుండెను. పలకరింపునకు బదులు వచ్చుటకు పట్టిన కాలము దూరమును తెలుపును. రైలు దగ్గరకు వచ్చునప్పుడొక విధముగ, దూరమగునప్పుడొక విధముగ దాని కూత వినబడునట్లు, తరంగములలోని మార్పు ప్రయాణించిన దిక్కును తెలుపును. ఆ లెక్కలను బట్టి విమానము హిందూ మహాసముద్రపు దక్షిణ భాగమునకు పోయినదని తేలెను. 2015 జూలైలో రీయూనియన్ ద్వీపపు ఒడ్డునకు రెక్కలోని ఒక భాగము కొట్టుకొనివచ్చి ఆ నిర్ణయమును బలపరచెను. సముద్రపు అడుగున 1,20,000 చదరపు కిలోమీటర్లు వెదకి 2017 జనవరిలో అన్వేషణను ఆపిరి. 2018లో వెలువడిన మలేషియావారి నివేదిక కారణమును నిర్ధారింపలేక పోయినది. 2025లో మరల అన్వేషణ తలపెట్టబడెను. ఎక్కడికి పోయినదో చాలవరకు తెలిసినది. ఏల పోయినదన్న ప్రశ్నకు మాత్రము ఊహలు తప్ప నిర్ధారణ లేదు.

ఇది పరదేశపు సంగతి యని తోచవచ్చును. తెలుగు ఇండ్లకే నేరుగ తగిలిన ఉదంతము రెండు సంవత్సరములకే వచ్చినది. 2016 జూలై 22వ తేదీ ఉదయము చెన్నై చెంతనున్న తాంబరము నుండి పోర్టుబ్లెయిరునకు బయలుదేరిన వైమానిక దళపు ఏఎన్-32 విమానము 29 మందితో బంగాళాఖాతముపై అదృశ్యమైనది. వారిలో 8 మంది విశాఖపట్టణములోని నౌకాదళ ఆయుధాగారమున పనిచేయు పౌరోద్యోగులు. ఆపద సంకేతము ఏదియు రాలేదు. కుట్ర జరిగియుండునా యను ప్రశ్న పార్లమెంటు వరకు పోయెను. అందుకు అవకాశము చాల స్వల్పమని ఆనాటి రక్షణమంత్రి మనోహర్ పారికర్ రాజ్యసభలో చెప్పిరి. సెప్టెంబరులో, అందరును మరణించినట్లు భావింపవలసినదని కుటుంబములకు తెలియజేసిరి. చూచుటకు దేహము లేదు, దహనమునకు చితి లేదు. భావింపవలసినదను ఒక్క మాటను పట్టుకొని ఆ ఇండ్లవారు ఏడు సంవత్సరములకు పైగ గడిపిరి.

2024 జనవరిలో ఆ నిరీక్షణకు ఒక ముగింపు దొరకినది. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారి మానవరహిత జలాంతర వాహనము చెన్నై తీరమునకు సుమారు 310 కిలోమీటర్ల దూరమున, 3,400 మీటర్ల లోతున, విమాన శకలముల చిత్రములను తీసినది. అవి ఏఎన్-32 రూపముతో సరిపోయినవి. ఆ ప్రాంతమున మరియొక విమానము పోయిన దాఖలా లేదు. ఇంతకాలమును అది పోయిన దారి పరిసరములలోనే, సముద్రము అడుగున ఉన్నది.

ఈ నాలుగు ఉదంతములలోను ఊహించినవారు అనేకులు. కాని ఆచూకీ దొరకినచోట దానిని తెచ్చిపెట్టినవారు వేరు. అడవిలో తడిసిన జవాను, మంచుపై నడచిన పర్వతారోహకుడు, ఉపగ్రహపు లెక్కలు కట్టిన ఇంజనీరు, సముద్రగర్భమును చూడగల వాహనమును నడిపిన శాస్త్రజ్ఞుడు, వీరి పని మెల్లగ సాగునది. దానికి నిలయమున కాలపట్టిక లేదు. వార్తలకు మాత్రము గంటగంటకు వేళ కలదు. ఆ రెండింటి నడుమనే వదంతికి చోటు దొరకును.

మైకు ముందు కూర్చుండు మావంటి వారికి ఇందు ఒక విధి కలదు. క్రొత్త సంగతి ఏదియు లేని గంటలో, ‘ఇంతవరకు ఏమియు తెలియలేదు’ అని చెప్పుటకు మేము సిగ్గుపడరాదు. తెలిసినది ఇది, దీనిని చెప్పినవారు వీరు, తెలియనిది ఇది యని విడదీసి చెప్పిన వార్త చప్పగ నుండవచ్చును. కాని పోయినవారి ఇంటిలో కూడ అదే రేడియో మ్రోగుచుండును. క్షేమముగ దిగినారన్న అబద్ధము ఆ యింట ఒక గంటసేపు పండుగ తెచ్చి, పిదప రెండవసారి చావు కబురు చెప్పును. శత్రువు పేరు చెప్పిన అబద్ధము వీధిలో మరియొకరి అంగడిని పగులగొట్టును.

శ్రోతలకును ఇందు భాగము కలదు. తెలియదని చెప్పిన కేంద్రమును విడిచి, ఏదో యొకటి చెప్పు కేంద్రమునకు ముల్లు త్రిప్పువారు ఎక్కువైనంత కాలము ఏదో యొకటి చెప్పువారికి కొరత యుండదు. ఇట్టి వార్త మరల ఎన్నడైన వచ్చినప్పుడు, విన్న మాటను పొరుగింటికి చేర్చుటకు ముందు అది ఎవరు చూచి చెప్పినదని ఒక్కసారి అడుగుడు. జవాబు రాకున్నచో ఆ మాట అచ్చటనే ఆగనిండు.